డ్రమ్మర్ మారితే గిటార్ ఎందుకు మారినట్టు వినిపిస్తుంది?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు మూడు ముక్కల్లో చెప్పుకుందాం. అమెరికా మెటల్ బ్యాండ్ యానిమల్స్ యాజ్ లీడర్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు, పాడే మాట ఒక్కటీ లేకపోయినా, నీకు కంఠతా వచ్చు. డ్రమ్మర్ నవీన్ కోపర్‌వైస్ వెళ్లిపోయి మ్యాట్ గార్స్ట్‌కా వచ్చాక చేసిన "ద జాయ్ ఆఫ్ మోషన్" మాత్రం నీకు మెత్తబడిపోయినట్టు అనిపించింది. రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు) రాసేది గిటారిస్టులే కదా, డ్రమ్మర్ మారితే పాట ఎందుకు మారాలి అన్నది రెండో సందేహం. మీ బ్యాండ్‌కీ పోయిన నెల కొత్త డ్రమ్మర్ వచ్చాడు, పాత పాటలు అతని చేతిలో "వేరేలా" ఉంటున్నాయి, ఏం చేయాలి అన్నది మూడోది. అసలు ప్రశ్న మూడోదేనని నా అనుమానం. అయినా వరసలోనే వస్తాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈయనెవరు అంటావు. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ వచ్చాక డ్రమ్స్‌కి మారాను. మా మాస్టారికి ఆ సంగతి చాలా రోజులు చెప్పలేదు. రెండు మెటల్ బ్యాండ్‌లలో వాయించాను, రెండిట్లోనూ వేరేవాళ్లు వదిలేసి వెళ్లిన కుర్చీలోనే కూర్చున్నాను. ఇప్పుడు పిల్లలకు డ్రమ్స్ నేర్పుతున్నాను. కాబట్టి నేను చెప్పేదంతా డ్రమ్మర్ పక్షం వహించినట్టు ఉంటే సర్దుకో.

ముందు ఈ బ్యాండ్‌లో ఎవరెవరు ఉన్నారో కాదు, ఎవరెవరు లేరో చూడు. పాడేవాడు లేడు. అది అందరికీ తెలిసిందే. బేస్ గిటారిస్టు కూడా లేడు. టోసిన్ అబాసి, హావియెర్ రేయెస్ ఇద్దరూ ఎనిమిది తీగల గిటార్లు వాయిస్తారు. అందులో అన్నిటికంటే లావు తీగను 'ఇ' స్వరానికి దించితే దాని ధ్వని సుమారు 41 హెర్ట్జ్. మామూలు నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం కూడా సరిగ్గా అదే. అంటే బేస్ గిటార్ పని గిటారిస్టులే చేస్తున్నారు. మామూలు రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్‌కీ గిటార్‌కీ మధ్య బేస్ గిటారిస్టు అనే మధ్యవర్తి ఉంటాడు. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌తో చేతులు కలిపి, గిటార్‌తో రాగం కలిపి, ఇద్దరి తప్పులూ తన మీద వేసుకుంటాడు. ఇక్కడ ఆ మధ్యవర్తి లేడు. కిక్ డ్రమ్ నేరుగా గిటార్ లావు తీగకే తగులుతుంది. ఇక ఆ డ్రమ్మర్ కాలు రవ్వంత ముందుకో వెనక్కో జరిగితే గిటార్ స్వభావమే మారినట్టు వినిపిస్తుంది. నీ రెండో సందేహానికి సగం జవాబు ఇదే.

మిగతా సగం కోసం మూడు ఆల్బమ్‌లలో డ్రమ్స్ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

2009లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో డ్రమ్మరే లేడు. అంతకుముందు రిఫ్లక్స్ అనే బ్యాండ్‌లో ఉన్న అబాసిని, ఒంటరిగా ఒక ఆల్బమ్ చెయ్యమని ప్రాస్థెటిక్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ అడిగింది. మొదట వద్దన్నాడు, అట్లాంటాలో సంగీతం చదువుకుని తిరిగొచ్చి ఒప్పుకున్నాడు. గిటార్లు, బేస్ అతనే వాయించాడు. డ్రమ్స్ మాత్రం పెరిఫెరీ బ్యాండ్ గిటారిస్టు మిషా మన్సూర్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేశాడు. ఆ ఆల్బమ్‌లోని "కాఫో" పాటలో నువ్వు పూనకం వచ్చినట్టుంది అని మురిసిపోయిన ఆ డ్రమ్స్ వాయించిన మనిషి లేడన్నమాట. నాకూ ఈ సంగతి తెలిసేసరికి, ఆ పాటని ఆరు నెలలు సాధన చేసి మోకాళ్లు పాడుచేసుకున్నాను.

2011లో "వెయిట్‌లెస్" వచ్చేసరికి రేయెస్, కోపర్‌వైస్ చేరారు. (నవీన్ అనే పేరు చూసి మన తెలుగువాడే అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.) కోపర్‌వైస్ అంతకుముందు యానిమాసిటీ అనే డెత్‌కోర్ (మెటల్‌లో బాగా కరకు రకం) బ్యాండ్ మనిషి. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే కూడా ఇష్టం ఉన్నవాడు. ఆ రెండూ "వెయిట్‌లెస్"లో కలిసి వినిపిస్తాయి. దెబ్బలన్నీ ఒకే బరువు, గిటార్ ఎక్కడ పడితే కిక్ అక్కడే పడుతుంది, అంచులన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. నీకు "గట్టిగా" అనిపించింది అదే. తప్పేం కాదు, అది ఆ ఆల్బమ్ అందం. నాకు మాత్రం "వెయిట్‌లెస్" కొంచెం పొడిగా ఉంటుంది. రెండో సగానికి వచ్చేసరికి నీళ్లు తాగాలనిపిస్తుంది.

2012లో కోపర్‌వైస్ బయటకు వచ్చాడు, గార్స్ట్‌కా చేరాడు. కోపర్‌వైస్ తర్వాత ఎంథియోస్ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు, అదీ విను, అతను ఎటు పోవాలనుకున్నాడో తెలుస్తుంది. గార్స్ట్‌కా బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుకున్నవాడు. చేతుల్లో మెటల్ ఎంత ఉందో జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) అంతకంటే ఎక్కువ ఉంది. "ద జాయ్ ఆఫ్ మోషన్" వచ్చింది 2014 మార్చిలో. ఇక్కడొక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. చేరిన మర్నాడే స్టూడియోకి వెళ్లి రికార్డు చేసింది కాదది. మధ్యలో అతను పాత పాటల్ని వేదికల మీద వాయించాడు. కంప్యూటర్ వాయించిన "కాఫో"ని మనిషి చేతులతో, మనిషి ఊపిరితో వాయించి మరీ కొత్త ఆల్బమ్‌కి వచ్చాడు.

ఇప్పుడు అసలు తేడా. ఇది ఇంగ్లిష్ సంగీత పత్రికల భాషలో చెప్పడం కంటే మన కచేరీ భాషలో చెప్పడం సులువు. మృదంగం వాయించడంలో లెక్కల దారి ఒకటి, సర్వలఘు ఒకటి. లెక్కల దారిలో పాటలోని ప్రతి విరుపునీ మృదంగం కూడా విరిచి చూపిస్తుంది, తీర్మానాలు (ముగింపు లెక్కలు) వేస్తుంది, వినేవాడికి చెమట పడుతుంది. సర్వలఘులో కింద నడక ఆగదు, ఏరు పారుతున్నట్టు ఉంటుంది, దాని మీద గాయకుడు ఎన్ని విరుపులైనా విరుచుకోవచ్చు. మంచి మృదంగ విద్వాంసుడు రెండూ చేస్తాడు, ఎప్పుడేది చేయాలో తెలిసినవాడు గొప్పవాడు. "వెయిట్‌లెస్"లో డ్రమ్స్ దాదాపు మొత్తం లెక్కల పక్షం. "ద జాయ్ ఆఫ్ మోషన్"లో గార్స్ట్‌కా లెక్కల కింద సర్వలఘు నడిపాడు. నీకు మెత్తగా వినిపించింది ఆ నడకే.

చేత్తో తాళం వేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఏ పాటా కాదు, ఊరికే ఉదాహరణకు ఒక రిఫ్ తీసుకుందాం. గిటార్ "తక తకిట, తక తకిట, తకిట తకిట" అని పోతోంది అనుకో. అయిదు, అయిదు, ఆరు, మొత్తం 16. దీన్ని డ్రమ్మర్ రెండు రకాలుగా వాయించొచ్చు. ప్రతి "త" దగ్గరా కిక్ కొట్టి గిటార్‌తో అతుక్కుపోవచ్చు. అప్పుడు వినేవాడికి 5, 5, 6 మాత్రమే వినిపిస్తుంది, తల ఎక్కడ ఊపాలో తెలియదు. లేదా గిటార్‌ని దాని దారిన వదిలేసి కింద "తకధిమి" నాలుగుసార్లు నడపొచ్చు. అదీ 16 అక్షరాలే. ఇద్దరూ వేరే దారుల్లో పోయి సమం (తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బ) దగ్గర కలుసుకుంటారు, అక్కడ వినేవాడికి "హా" అనిపిస్తుంది. స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా వాళ్లు ఈ రెండిటినీ ఒకే మనిషిలో పెట్టారు. టోమాస్ హాకే కాళ్లు గిటార్‌తో పోతాయి, కుడి చెయ్యి నాలుగు కొడుతూ ఉంటుంది. ఈ రకం సంగీతం వాయించే డ్రమ్మర్లందరూ ఆ బడి పిల్లలే.

గార్స్ట్‌కా ఆ బడిలో చదివి, పక్క బడికి కూడా వెళ్లొచ్చాడు. అతని ఎడమ చెయ్యి విను. స్నేర్ అనే ముందు డ్రమ్ మీద గట్టి దెబ్బకీ గట్టి దెబ్బకీ మధ్య చిన్న చిన్న దెబ్బలు ఉంటాయి, వేలితో గీకినంత చప్పుడు. ఘోస్ట్ నోట్స్ అంటారు. మృదంగంలో గట్టి దెబ్బల మధ్య వేళ్లు మెత్తగా పలికించేవి ఉంటాయే, అదే పని ఇవీ చేస్తాయి. పైకి వినిపించవు, తీసేస్తే పాట పడిపోతుంది. కాలితో తెరిచి మూసే సింబల్స్ జత, హై-హ్యాట్ కూడా ఒకే బరువుతో మోగదు, ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి మూసుకుంటుంది. ఇదంతా ఉండటం వల్ల గిటార్లకి ఖాళీ దొరికింది. అబాసి బొటనవేలితో తీగను కిందికీ పైకీ కొట్టి, వేళ్లతో లాగే పద్ధతి ఉంది కదా, థంపింగ్ అంటారు. విక్టర్ వూటెన్ లాంటి బేస్ గిటార్ వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న విద్య అది. "వెయిట్‌లెస్"లోని "యాన్ ఇన్ఫినిట్ రిగ్రెషన్"లోనే అది ఉంది. కానీ అక్కడ అది విన్యాసంలా ఉంటుంది. "ద వోవెన్ వెబ్"కి వచ్చేసరికి అదే విద్య చిందు వేస్తుంది. గిటారిస్టు అదే, వేలూ అదే. కింద నేల మారింది.

అలాగని అంతా డ్రమ్మర్ ఖాతాలో రాసేయకు. నేను కూడా చాలాకాలం అలాగే చెప్పుకుని తిరిగాను, తర్వాత ఆలోచిస్తే నిలబడలేదు. మెత్తదనం అనేది గార్స్ట్‌కా కంటే ముందే ఇంట్లో ఉంది. "వెయిట్‌లెస్"లోనే "ఎస్పెరా" అనే పాట ఉంది, శాంతంగా, అకూస్టిక్‌గా ఉంటుంది, నువ్వు దాన్ని దాటేసి ఉంటావు. 2012లో అబాసి, రేయెస్ ఇద్దరూ ట్రామ్ అనే వేరే బ్యాండ్‌తో "లింగ్వా ఫ్రాంకా" చేశారు. అందులో శాక్సోఫోన్, ఫ్లూట్, జాజ్ నడకలు ఉన్నాయి. అదే ఏడాది రేయెస్ మెస్టీస్ పేరుతో సొంతంగా లాటిన్ వాసన ఉన్న పాటలు మొదలుపెట్టాడు. అంటే గిటారిస్టులిద్దరూ అప్పటికే ఆ దారి పట్టారు, ఆ దారిలో నడవగలిగే డ్రమ్మర్ వచ్చాడు. దానికితోడు మిషా మన్సూర్ మళ్లీ వచ్చాడు. "వెయిట్‌లెస్"లో లేని ఆయన "ద జాయ్ ఆఫ్ మోషన్" తయారీలో, అప్పట్లో పెరిఫెరీలోనే ఉన్న నాలీ గెట్‌గుడ్, వాల్యూమ్స్ బ్యాండ్ డియేగో ఫారియాస్‌తో పాటు ఉన్నాడు. నా చెవికి మొదటి ఆల్బమ్‌లోని రాగాల తీపి మూడోదానిలో తిరిగి వచ్చింది, అందులో ఆయన వాటా ఎక్కువే అనుకుంటాను.

సరే, ఇప్పుడు ఆల్బమ్‌ని మళ్లీ ఎలా వినాలి. వరసగా వినకు. మొదట "టూత్ అండ్ క్లా" పెట్టు. నీకు కావలసిన బరువు అందులో ఉంది, "మెత్తబడిపోయారు" అనే మాట సగం అక్కడే పోతుంది. తర్వాత "ఫిజికల్ ఎడ్యుకేషన్". ఇది ఒక్కటే నాలుగుసార్లు విను. ఒకసారి గిటార్, ఒకసారి హై-హ్యాట్ మాత్రమే, ఒకసారి ఎడమ చెయ్యి, నాలుగోసారి ఏమీ పట్టించుకోకుండా. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఇదే ఇంటిపని ఇస్తాను, నాలుగోసారికి వాళ్ల పాదం దానంతటది ఆడుతుంది. ఆ తర్వాత "అనదర్ ఇయర్". ఇది నీకు నచ్చదు, నాకు తెలుసు, కానీ కోపర్‌వైస్ ఉండి ఉంటే ఈ పాట ఆల్బమ్‌లో ఉండేదా అని ఒకసారి ఆలోచించు. నా ఉద్దేశంలో ఉండేది కాదు. "పారా మెషెర్" నైలాన్ తీగల పాట. పోర్చుగీసులో ఆ మాటకి "కదలడానికి" అని అర్థం, ఆల్బమ్ పేరులోని కదలిక ఇక్కడ మళ్లీ పలికింది. చివర్లో "నెఫెలీ". 12 పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే పాత గట్టిదనం, కొత్త నడక రెండూ ఒకే చోట ఉన్నాయి. మధ్యలో ఒకటి రెండు పాటలు నాకూ సాగదీసినట్టే ఉంటాయి. ఏవో చెప్పను, నీ చెవితో నువ్వు తేల్చుకో.

ఇంకొకటి, నవ్వకు. దేనిలో విన్నావు? ఫోన్ స్పీకర్‌లోనా? ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ కాదు కదా, దాని నాలుగింతల దగ్గర కూడా నీరసంగానే ఉంటుంది. గట్టిగా ఒకే బరువుతో కొట్టిన డ్రమ్స్ ఏ డబ్బాలో పెట్టినా గట్టిగానే వినిపిస్తాయి. చిన్నా పెద్దా దెబ్బల తేడా మీద బతికే డ్రమ్స్‌కి మంచి హెడ్‌ఫోన్స్ కావాలి. "వెయిట్‌లెస్" చిన్న స్పీకర్‌లో గెలవడానికి ఇది కూడా ఒక కారణం. వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్ ఎవరి దగ్గరైనా అప్పు తీసుకునైనా విను.

డ్రమ్మర్ మారితే ఎప్పుడూ సంగీతం నునుపవుతుంది అనుకోకు. న్యూయార్క్ బ్యాండ్ బిహోల్డ్... ది ఆర్క్టోపస్ సంగతి దీనికి తిరగేసిన కథ. 2007లో "స్కల్‌గ్రిడ్" చేసినప్పుడు చార్లీ జెలెనీ డ్రమ్స్, కొలతలో పోసినట్టు ఉంటుంది. తర్వాత ఫ్రీ జాజ్, గోల సంగీతం నుంచి వచ్చిన వీజల్ వాల్టర్ కుర్చీలోకి వచ్చాడు. 2012లో "హారర్‌సెన్షన్" వచ్చింది, ఇంటి సామానంతా మెట్ల మీద నుంచి పడినట్టు ఉంటుంది. రాసేవాళ్ల బుర్ర అదే. కొందరికి అదే ఎక్కువ ఇష్టం. టొరంటోకు చెందిన ఇంటర్వల్స్‌ది మరో దారి. వాళ్లు పాడేవాడిని తెచ్చుకుని 2014లో "ఎ వాయిస్ విదిన్" చేశారు. తర్వాత అందరూ విడిపోయారు, గిటారిస్టు ఆరన్ మార్షల్ ఒక్కడే మిగిలి, 2015లో మళ్లీ మాటల్లేని "ద షేప్ ఆఫ్ కలర్" చేశాడు. మనుషులు తగ్గాక సంగీతం ఇంత వెలుతురుగా అవుతుందని నేను అనుకోలేదు.

యానిమల్స్ యాజ్ లీడర్స్ తర్వాతి రెండు ఆల్బమ్‌లు కూడా ఇదే ముగ్గురివి. 2016లో వచ్చిన "ద మ్యాడ్‌నెస్ ఆఫ్ మెనీ"ని వాళ్లే తయారుచేసుకున్నారు. మొదటి పాట పేరు "అరిత్మోఫోబియా", అంకెలంటే భయం అని అర్థం. పేరులోనే ఒప్పేసుకున్నారు పాపం, ఆ ఆల్బమ్‌లో లెక్కలు మరీ ఎక్కువయ్యాయి. 2022లో "పరేసియా"కి మన్సూర్ మళ్లీ వచ్చాడు, తొమ్మిదే పాటలు, బిగువుగా ఉంటుంది. నీలాంటి "వెయిట్‌లెస్" ప్రియులకి "పరేసియా" ముందు విని, అక్కడి నుంచి వెనక్కి నడిచి "ద జాయ్ ఆఫ్ మోషన్"కి రావడం తేలిక. "మోనోమిత్"తో మొదలుపెట్టు.

ఇక మీ బ్యాండ్ సంగతి. నేను మొదటి బ్యాండ్‌లో చేరినప్పుడు పాత డ్రమ్మర్ వాయించినదంతా రికార్డింగ్ విని అచ్చు గుద్దినట్టు నేర్చుకున్నాను. ప్రతి ఫిల్లూ, ప్రతి సింబల్ దెబ్బా. గదిలో బ్రహ్మాండంగా ఉండేది. ఒక కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీ ఎక్కాక, టెన్షన్‌లో గిటారిస్టు టెంపో కాస్త పెంచాడు. నాకు వచ్చింది బట్టీ పట్టిన పాఠం, ఆ వేగంలో అది నా చేతికి అందలేదు. రెండో నిమిషంలో పాట కూలిపోయింది. గిటారిస్టు ఏం చేయాలో తెలియక ఒక సినిమా పాట ముక్క అందుకున్నాడు. జనం దానికే ఎక్కువ చప్పట్లు కొట్టారు, అది వేరే అవమానం. నేను ఆ పాటల్ని వాయించడం నేర్చుకున్నాను తప్ప పాటలు నాకు రాలేదని అప్పుడు తెలిసింది.

కాబట్టి మీ కుర్రాడి చేత పాత డ్రమ్మర్‌ని అనుకరించనివ్వకండి. పాత పాటల్లో కొన్ని చోట్ల డ్రమ్స్ వాయించేదే అసలు పాట అయి ఉంటుంది. అక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచమని అడగండి. మిగతాది అతనికి వదిలేయండి. ఒక రిఫ్ తీసుకుని మూడు రకాలుగా వాయించమని చెప్పు: ఒకసారి గిటార్‌ని పూర్తిగా అంటిపెట్టుకుని, ఒకసారి ప్రతి విరుపులో మొదటి దెబ్బ మాత్రం కలిపి, ఒకసారి సమం దగ్గర తప్ప ఎక్కడా కలవకుండా. ఫోన్‌లో రికార్డు చేయండి. అదే రోజు వినకండి, మర్నాడు వినండి, అప్పటికి చెవి చల్లబడుతుంది. పాతవన్నీ పూర్తయ్యేదాకా ఆగకుండా, వచ్చే రెండు వారాల్లోనే అతనితో కలిసి ఒక కొత్త పాట మొదలుపెట్టండి, అది చెత్తగా వచ్చినా ఫర్వాలేదు. అతను ఎలాంటివాడో మీకు తెలిసేది ఆ పాటలోనే, పాతవాటిలో కాదు. బేస్ గిటారిస్టు ఉన్నాడో లేదో నువ్వు రాయలేదు. ఉంటే ఆ అబ్బాయినీ డ్రమ్మర్‌నీ మీరిద్దరు గిటారిస్టులు లేకుండా ఒక గంట జామ్ రూమ్‌లో వదిలేసి, మీరు బయట టీ తాగి రండి.

ఆ మూడు రకాల రికార్డింగ్ ఇక్కడ పెట్టు, వింటాను. ఏ రకం నాకు నచ్చిందో చెప్తాను కానీ, ముందు మీ డ్రమ్మర్‌కి ఏది నచ్చిందో అడిగి రాయి.